లేని మిషనుకు పసుపు

"ఈ షెడ్డులో కారం మిషను ఎప్పుడూ లేదంటావు?"

"లేదమ్మా. నేనెరిగి లేదు."

బుల్లయ్య ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి నేల చూస్తూ అన్నాడు. రెండోసారి చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు. ఇప్పుడు ఆరిపోయిన చుట్టనే మళ్లీ వెలిగిస్తూ అన్నాడు. అబద్ధమాడే మనిషి చేతులకు ఏదో ఒక పని కావాలి. రాజ్యం ఇది పుస్తకాల్లో చదవలేదు, ఇరవై ఏళ్లుగా కళ్లారా చూస్తోంది. గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసు, గుమ్మం మీద 'రాజ్యం, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు. మాయమైన మిర్చి లారీలను పట్టుకొచ్చింది, చచ్చిపోయానని బీమా డబ్బు తీసుకుని పక్క జిల్లాలో టీకొట్టు పెట్టుకున్నవాణ్ణి కాలరు పట్టుకుని లాక్కొచ్చింది. కానీ ఒకరు ఉందనీ, ఒకరు అసలు లేదనీ కొట్టుకుంటున్న మిషను కోసం వెతకడం మాత్రం ఇదే మొదలు.

ఉందనే మనిషి గుమ్మంలోనే నిలబడి ఉంది. పేరు దేవకుమారి. మిరపకాయల ముచ్చికలు తీసి తీసి వేళ్లు మొద్దుబారిన మనిషి. ఈ వెలగపాలెంలోనే ఆమే, మరో ఆరుగురు ఆడవాళ్లూ కూలి మానుకుని, మెళ్లో బంగారం బ్యాంకులో పెట్టి 'ఏడుగురక్కల కారం ప్రైవేట్ లిమిటెడ్' అని కంపెనీ పెట్టుకున్నారు. బుల్లయ్య షెడ్డు అద్దెకు తీసుకున్నారు, మిషను కొన్నారు, కారం పట్టి ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. అమ్మే కారం మీద జీఎస్టీ ఐదు శాతం. కొనే కవర్ల మీద పద్దెనిమిది. చేతినుంచి పోయేది ఎక్కువ, రాబట్టుకునేది తక్కువ. ఆ తేడా వెనక్కి ఇమ్మని అడిగే హక్కు ఎంత చిన్న కంపెనీకైనా ఉంది. దేవకుమారి అడిగింది. పాపం, అడగడమే ఆమె నెత్తి మీదకు వచ్చింది.

రీఫండు ఇచ్చేముందు తనిఖీకని బుధవారం వచ్చిన పన్నుల అధికారికి ఆ అడ్రసులో ఖాళీ షెడ్డు కనపడింది. మిషను లేదు, మనుషుల్లేరు, బోర్డు కూడా లేదు. కంపెనీయే బోగస్ అని రాసుకుని పోయాడు. సోమవారం ఆఖరి విచారణ. ఈలోపు మిషను ఉండేదని రుజువు కాకపోతే రీఫండు సంగతి దేవుడెరుగు, జీఎస్టీ నంబరే రద్దవుతుంది. నంబరు లేనివాళ్ల దగ్గర ఏ పెద్ద కొట్టువాడూ ఒక్క ప్యాకెట్ కొనడు. ఏడుగురూ మళ్లీ మిర్చి యార్డు గేటు దగ్గర గోతం పరుచుకుని ముచ్చికలు తీసుకోవలసిందే. ఇవాళ శనివారం.

"బాబాయ్, ఈ దేవకుమారి నీకు అద్దె కట్టలేదా?" అంది రాజ్యం.

"నాకెవరూ కట్టలేదు. ఉంటే కాగితం చూపించమను."

"కాగితం రాసుకుంది ఎక్కడ?" దేవకుమారి గొంతు పెరిగింది. "నెలనెలా నీ చేతిలో పెడతన్నాం. మొన్న నీ మనవడి అన్నప్రాసనకి రెండు నెలలది ముందే ఇమ్మంటే ఇచ్చాం. ఇప్పుడు కళ్లు పోతాయి బుల్లయ్యా, అంత అబద్ధమాడితే."

బుల్లయ్య చుట్టను ఇటు నుంచి అటు మార్చుకున్నాడు.

"నువ్వుండు దేవకుమారీ. నన్నడగనీ." రాజ్యం ఆమె వైపు తిరిగింది. "నువ్వు మిషన్ని ఆఖరున చూసిందెప్పుడు?"

"ఆదివారం మధ్యాహ్నం అక్కా. మిషను కంపెనీ నుంచని ఫోనొచ్చింది. ఫ్రీ సర్వీసింగు, మనుషులొస్తారు, తాళం ఎవరికైనా ఇచ్చి వెళ్లండి, నాలుగు రోజులు పని ఆపండి అన్నారు. తాళం ఈయనకే ఇచ్చా."

"బుధవారం తనిఖీ జరిగినప్పుడు మీ ఏడుగురిలో ఒక్కరు కూడా ఊళ్లో లేరు. ఎక్కడికెళ్లారు?"

"గుంటూరు. మా లెక్కలు చూసే శివరామకృష్ణ గారి ఆఫీసుకి. సంతకాలు పెట్టాలి, అందరూ రావాలన్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా కూచోబెట్టి భోజనం కూడా పెట్టించారు. ఆయన దేవుడండి. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే షెడ్డు ఇట్టా ఉంది."

రాజ్యానికి ఆ భోజనం మింగుడు పడలేదు. ట్యాక్స్ లెక్కలు చూసేవాడు రైతుకూలీ ఆడవాళ్లకి టీ పోయించడమే ఎక్కువ, భోజనం ఎందుకు పెట్టించినట్టు? అడగబోయి ఆగింది. బయట జీపు ఆగిన చప్పుడయింది.

దిగినవాడు రామకాంత్, పన్నుల ఇన్‌స్పెక్టరు. బుధవారం రిపోర్టు రాసింది ఆయనే. మనిషి నిజాయితీపరుడే, లంచమంటే పాము చూసినట్టు దూరం జరుగుతాడు. చిక్కల్లా ఒక్కటే, ఒకసారి రాసింది తప్పని ఒప్పుకోవాలంటే ప్రాణం మీదకొస్తుంది. రెండేళ్ల కిందట పొగాకు గోడౌన్ కేసులో ఆయన రాసింది తప్పని రాజ్యం ఆయన పై అధికారి ముందే నిరూపించింది. అది ఆయన మర్చిపోలేదు. రాజ్యం కూడా మర్చిపోలేదు, అదో చిన్న ఆనందం ఆవిడకి.

"ఓహో. ప్రైవేటువారు ముందే వేంచేశారే," అన్నాడు రామకాంత్.

"సర్కారువారు చూడకుండా వెళ్లిన చోటికి ప్రైవేటువారే రావాలి కదండీ."

"నేను చూశాను మేడం. ఫొటోలు తీశాను. చూసిందే రాశాను."

"చూశారు. ఇవాళ నాతో పాటు ఇంకోసారి చూడండి. పిలిచింది అందుకే. నేను ఓడితే సోమవారం విచారణకి రాను, మీ రిపోర్టు మీదే ఖాయం."

రామకాంత్ మొహంలో కొంచెం ఉత్సాహం కనపడింది. "సరే. కానివ్వండి."

నలుగురూ లోపలికి వెళ్లారు. బుల్లయ్య భార్య పుల్లమ్మ గుమ్మం బయటే స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. లోపల నాలుగు గోడలూ తెల్లగా మెరిసిపోతున్నాయి. గచ్చు ఊడ్చి కడిగి ఉంది. రాజ్యం ఓ మూలనున్న వెదురుకర్ర తీసుకుని పైన రేకులను ఠపీమని కొట్టింది. ఎర్రటి పొడి జలజలా రాలింది. కొట్టిన ఆవిడతో సహా అందరికీ దగ్గొచ్చింది. రామకాంత్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాడు.

"ఏంటండీ ఇది?" కళ్లు తుడుచుకుంటూ అంది రాజ్యం. "మిషను లేని చోట కారం ఆకాశం నుంచి పడిందా?"

రామకాంత్ తిరిగొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నా మాట మాత్రం తొణకలేదు. "మేడం, ఇది గుంటూరు జిల్లా. ఈ చుట్టుపక్కల ఏ కొట్టం దులిపినా ఇదే రాలుద్ది. బుల్లయ్యా, ఈ షెడ్డులో కాయలు పోశావా ఎప్పుడైనా?"

"పోశానండి. నిరుడు, ముందటేడు."

"విన్నారుగా."

అది న్యాయమైన మాటే. రాజ్యానికి ఒళ్లు మండింది, కానీ న్యాయమైన మాట న్యాయమైన మాటే. కర్ర పక్కన పడేసి గచ్చు మీద గొంతుకూచుంది. కడిగిన గచ్చులో నాలుగు చోట్ల కొత్త సిమెంటు అతుకులున్నాయి. ఒక్కోటి అరచేయంత. నాలుగూ ఒక చదరానికి నాలుగు మూలల్లా ఉన్నాయి.

"ఇవేంటి బాబాయ్?"

"ఎలక బొరియలమ్మా. పూడ్చా."

"కొలబద్ద పెట్టుకుని బొరియలు తవ్వే ఎలకని నేనింతవరకు చూళ్లేదు."

"అవి మిషను బోల్టులక్కా," అంది దేవకుమారి.

"ఏ మిషను బోల్టులో ఎవరు చెప్పొచ్చారు?" అన్నాడు రామకాంత్. "కరెంటు మోటారు పెట్టుకుని ఉండొచ్చు. ఎండుగడ్డి కోసే మిషను పెట్టుకుని ఉండొచ్చు. సోమవారం మా ఆఫీసరు అడిగేది ఒకటే. ఈ నెలలో, ఈ షెడ్డులో ఈ కంపెనీ నడిచిందా? నాలుగు సిమెంటు ముక్కలు తీసుకెళ్లి బల్ల మీద పెడతారా?"

రాజ్యం లేచింది. బోల్టుల గుర్తులకు ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి నడిచింది. సున్నం కింద నుంచి, ఛాతీ ఎత్తున, చేటంత మేర ఓ మచ్చ కనిపిస్తోంది. ముదురు ఎరుపు. చుట్టూ చేతివేళ్లతో పామిన జాడలు.

"ఇది బుధవారం చూశారా ఇన్‌స్పెక్టరు గారూ?"

"చూశా. ఎవడో కిళ్లీ ఉమ్మాడు."

"ఛాతీ ఎత్తుకి ఎగిరి, గుండ్రంగా, ఐదు వేళ్ల జాడలతోనా? చాలా పనిమంతుడండీ."

రామకాంత్‌కి నవ్వొచ్చినట్టయింది, ఆపుకున్నాడు. "పోనీ, మీరే చెప్పండి."

"చెప్తాను. దేవకుమారీ, మిషను వెనక గోడ మీద ఏముండేది?"

"పసుపక్కా. ప్రతి శుక్రవారం మిషన్ని కడిగి, మిషనుకీ వెనక గోడకీ పసుపు రాసి కుంకం పెట్టేవాళ్లం. పోయిన శుక్రవారం నేనే రాశా."

"పసుపు పచ్చగా ఉంటుంది. ఇది ఎర్రగా ఉంది కదమ్మా," అన్నాడు రామకాంత్.

రాజ్యం ఆయన మాట విననట్టే బుల్లయ్య దగ్గరికెళ్లింది. గొంతు మెత్తబడింది. ఆవిడ గొంతు మెత్తబడిందంటే ఎదుటివాడికి మూడిందని గుంటూరులో దొంగలకి తెలుసు, పాపం బుల్లయ్యకి తెలీదు.

"బాబాయ్, సున్నం బాగా కొట్టావు. చెయ్యి తిరిగింది నీకు. ఎప్పుడు కొట్టావు?"

"ఉగాదికమ్మా."

"ఉగాదంటే రెండు నెలలు దాటింది. ఇల్లు కూడా అప్పుడేనా?"

"ఇల్లూ, షెడ్డూ ఒకే రోజు కొట్టా. పిడుగురాళ్ల సున్నం. ఒకే తొట్టిలో కలిపా."

"ఒకే రోజు, ఒకే తొట్టి. మళ్లీ ఇటు రాలేదు కదా సున్నంతో?"

"లేదు."

"ఇన్‌స్పెక్టరు గారూ, మీరు విన్నారు కదా?"

"విన్నాను."

"పుల్లమ్మా, నీ వంటింట్లోంచి కాస్త పసుపు తీసుకురా తల్లీ. చెంబుడు నీళ్లు కూడా."

పుల్లమ్మ కదల్లేదు. మొగుడి మొహం చూసింది, రాజ్యం మొహం చూసింది. తర్వాత ఇంట్లోకెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. రాజ్యం పసుపుని అరచేతిలో తడిపి ముద్ద చేసి, అందరినీ బుల్లయ్య ఇంటి ముందుగోడ దగ్గరికి నడిపించింది. తెల్లటి సున్నం మీద వేలితో ఓ బొట్టు పెట్టింది. అందరూ చూస్తున్నారు. బొట్టు పచ్చగా ఉంది. పచ్చగానే ఉంది.

"ఇది ఉగాది సున్నం. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా," అన్నాడు రామకాంత్, వ్యవహారం ఎక్కడికి పోతోందో అర్థంకాక.

మళ్లీ షెడ్డులోకి వచ్చారు. అదే ముద్దలోంచి, అదే వేలితో, మచ్చకి దూరంగా ఇంకో మూల గోడ మీద బొట్టు పెట్టింది రాజ్యం. పసుపు అంటిన చోట అంచుల నుంచి మొదలై నడిమికి ఎర్రబడింది. నలుగురూ చూస్తుండగానే పారాణి రంగుకి తిరిగింది.



రామకాంత్ ముందుకొచ్చాడు. రాజ్యం చేతిలో పసుపు తనే తీసుకుని, తనే ఇంకోచోట రాశాడు. ఎర్రబడింది. బయటికెళ్లి ఇంటి గోడకు రాశాడు. పచ్చగానే ఉంది. మళ్లీ లోపలికి వచ్చి మూడోసారి రాశాడు. ఆ మొండితనం చూసి రాజ్యానికి మొదటిసారి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

"పెళ్లిలో హారతి నీళ్లు ఎట్టా కలుపుతారు సార్?" అంది. "పసుపు నీళ్లలో కాస్త సున్నం వేస్తారు. ఎర్రబడతాయి. సున్నం పచ్చిగా ఉన్నన్నాళ్లే ఆ గుణం. గాలికి ఆరి గట్టిపడ్డాక పసుపు రాసినా పసుపే. ఈ గోడకి సున్నం పడి వారం కూడా కాలేదు. మిషను ఆదివారం పోయింది. సోమవారమో మంగళవారమో సున్నం పడింది. బుధవారం మీరొచ్చారు. కింద పసుపు లేకపోతే ఈ మచ్చ లేదు. మిషను లేకపోతే ఆ పసుపు లేదు. లేని మిషనుకు ఎవరు పూజ చేస్తారండీ?"

"పసుపు గీకేసి సున్నం వేసుండొచ్చుగా. అంత తెలివైనవాడు అదెందుకు వదిలేశాడు?"

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది.

"నేనే గీకొద్దన్నా అయ్యా." పుల్లమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది. "ఏడాది పొడుగునా పూజ చేసిన పసుపు. గీకి చెత్తలో పోస్తే ఇంటికి మంచిదా? కొడుకులున్న దాన్ని. కావాలంటే మీద సున్నం వేసుకోమన్నా. ఎర్రబడుద్దని ఇద్దరికీ తోచలేదు."

"నోర్ముయ్యవే," అన్నాడు బుల్లయ్య. కానీ ఆ మాటలో బలం లేదు. చుట్ట ఎప్పుడో కిందపడిపోయింది. చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి.

"చెప్పు బాబాయ్," అంది రాజ్యం. "ఎవరు చెయ్యమన్నారు?"

బుల్లయ్య గచ్చు మీద కూలబడ్డాడు. "నేనేమీ తినలేదమ్మా, నా బిడ్డల మీదొట్టు. శివరామకృష్ణ గారే వచ్చారు. అద్దె తీసుకుంటున్నావు, రాసుకోలేదు, ఆఫీసర్లు చూస్తే నీ పొలం మీద పన్ను పడుద్ది అన్నారు. మిషను తీసుకెళ్లి వీళ్లకి ఇంకోచోట పెట్టిస్తా, నువ్వు సున్నం కొట్టి ఎప్పుడూ అద్దెకివ్వలేదని చెప్పు చాలన్నారు. వీళ్లకీ మంచేనన్నారు. ట్రాక్టరు మీద ఎక్కించి పొన్నూరు వైపు తోలుకెళ్లారు. బోల్టులు నేనే కోశా."

దేవకుమారి గోడకి ఆనుకుంది. "ఆయనా? మాకు కంపెనీ పెట్టించిందే ఆయన కదా. రీఫండు కాగితాలు వేసిందీ ఆయనే."

"ఇష్టపడే వేశాడా?" అంది రాజ్యం.

"లేదులే. ఏడాదిగా ఆ గొడవ మీకెందుకమ్మా అనేవాడు. నాలుగు రూపాయల కోసం ఆఫీసర్లని ఇంటి మీదకి తెచ్చుకుంటారా అనేవాడు. నేనే ఊరుకోలా. మీవల్ల కాకపోతే చెప్పండి, కాగితాలిస్తే వేరే ఆడిటరు దగ్గరికి పోతామన్నా. యార్డులో పదిమంది ముందు అన్నా. మర్నాడే వేశాడు."

రాజ్యం బుర్రలో ముక్కలు కలుస్తున్నాయి, ఒక్కటి తప్ప. ఇంత చిన్న కంపెనీకి వచ్చే రీఫండు ఆగిపోతే ఆ మనిషికి ఏమిటి లాభం? ట్రాక్టరు కిరాయి కూడా గిట్టదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఒక మాట. అడ్రసులో వ్యాపారం లేదని తేలాక ఆ కంపెనీ లెక్కలు తెరిచి చూస్తారా మీరు?"

"ఎందుకు చూస్తాం? గుమ్మం దగ్గరే ఆగిపోతాం. రీఫండు తిరస్కరించి, నంబరు రద్దుకి రాస్తాం. అంతే."

"వ్యాపారం ఉందని తేలితే?"

"అప్పుడు చూడాలి. రీఫండు ఇవ్వాలంటే మొదటి నుంచీ రిటర్నులన్నీ చూడాలి."

"అదీ సంగతి. మీరు చూడకూడదనే మిషను పోయింది. తెరవండి సార్, ఇప్పుడే."

రామకాంత్ ఆవిడ కేసి ఓ క్షణం చూశాడు. తర్వాత జీపులోంచి ల్యాప్‌టాప్ తెచ్చి బానెట్ మీద పెట్టాడు. సిగ్నలు కోసం నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాడు. పేజీ తెరుచుకుంది. దేవకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనకాల నిలబడింది.

"మీరు ఏమమ్ముతారమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"కారమే కదండీ."

"ఇంకేమీ అమ్మరా?"

"ఇంకేముంది మా దగ్గర?"

"పత్తి," అన్నాడు రామకాంత్. "పత్తి బేళ్లు. నలభై ఆరు కోట్ల రూపాయలకి అమ్మినట్టు మీ నంబరు మీద బిల్లులున్నాయి."

దేవకుమారికి ఆ మాట ఎక్కలేదు. కోట్లు అన్న మాట తనకు చెప్పింది కాదనుకుని పక్కకి చూసింది. రాజ్యానికి మాత్రం ఎక్కింది. మిల్లులకి బేళ్లు పోలేదు, కాగితాలే పోయాయి. ఆ కాగితాలు కొన్నవాళ్లు కట్టని పన్నుని కట్టినట్టు చూపించుకుని క్రెడిట్ తీసుకున్నారు. ఏడుగురు ముచ్చికలు తీసే ఆడవాళ్ల పేరు మీద శివరామకృష్ణ బిల్లుల దుకాణం నడిపాడు. రీఫండు తనిఖీ వస్తే దుకాణం బయటపడుతుంది. అందుకే కంపెనీ లేనట్టే చెయ్యాలనుకున్నాడు. నంబరు చచ్చిపోతే ఫైలూ చచ్చిపోతుంది.

"వాణ్ణి వదలను," అంది రాజ్యం. "పదండి సార్, గుంటూరు. ఇప్పుడే పోదాం."

రామకాంత్ కదల్లేదు. మొహంలో ఇందాకటి పట్టింపు లేదు. అంతకంటే బరువైనదేదో ఉంది.

"మేడం, మీరు తొందరపడుతున్నారు. ఐదు శాతం లెక్కన దొంగ క్రెడిట్ రెండు కోట్లు దాటింది. దాటితే అరెస్టు కేసు. అరెస్టు ఎవరిది? బిల్లుల మీద శివరామకృష్ణ పేరు లేదు. డైరెక్టరు దేవకుమారి." గొంతు తగ్గించాడు. "కంపెనీ బోగస్ అని నేను రాసిన రిపోర్టు నిలబడి ఉంటే, ఈవిడ నంబరు పోగొట్టుకుని ఇంట్లో ఉండేది. లేని కంపెనీకి డైరెక్టరుండదు. కంపెనీ నిజంగా ఉందని ఇవాళ నిరూపించింది మీరు."

కేసు గెలిచి మనిషిని పోగొట్టడం రాజ్యం జీవితంలో ఎన్నడూ జరగలేదు. జరగనివ్వదు కూడా. ల్యాప్‌టాప్ మీదకి వంగింది.

"ఈ రిటర్నులు వెయ్యాలంటే ఫోనుకి ఓటీపీ రావాలి కదా. ఏ ఫోనుకి వచ్చింది? అది వాడిదైతే వాడే దొంగ."

"అది చూడొచ్చు." రామకాంత్ ఇంకో పేజీ తెరిచాడు. పది అంకెలు కనపడ్డాయి. "ఈ నంబరు ఎవరిది?"

దేవకుమారి వంగి చూసింది. అంకెలు ఒక్కొక్కటే చదువుకుంది.

"నాదేనండి," అంది.

రాజ్యం గిరుక్కున తిరిగింది. రెండు రోజులుగా దేవకుమారికి పదిసార్లు ఫోన్ చేసింది తను. ఆమె నంబరు ఇది కాదు.

"కాదు. ఎవర్ని కాస్తున్నావు?"

"నాదేనక్కా. తప్పంతా నాదే. నన్ను తీసుకెళ్లండి సార్."

రాజ్యం ఇంక అడగలేదు. సర్కారు సాక్షి పక్కనే ఉన్నాడు, ఆయన కూడా వినాలి అనుకుంది. ఫోను తీసి, ఆ నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. రెండు రింగులకే ఎత్తారు.

"నమస్తే అండి. శివరామకృష్ణ గారి ఆఫీసు, శ్రీజని మాట్లాడుతున్నా."

ఆడపిల్ల గొంతు. దేవకుమారి ఒక్క అంగలో వచ్చి రాజ్యం చెయ్యి పట్టుకుంది. "పెట్టెయ్యండక్కా. అది నా కూతురు. డిగ్రీ అయ్యాక ఆయనే ఉద్యోగమిచ్చాడు. ఫోనుకొచ్చే అంకెలు చెప్పమంటే చెప్పేది, అంతే. దానికేం తెలీదు."

కూతురు అక్కడ పనిచేస్తోందన్న మాట ఈ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు ఈ మనిషి. కోపమొచ్చింది రాజ్యానికి. కోప్పడే సమయం మాత్రం కాదు.

"శ్రీజా, మీ అమ్మ దగ్గర నుంచి మాట్లాడుతున్నా. మీ సారున్నారా?"

"లేరండి. పొద్దున్నే ఊరెళ్లారు. ఆఫీసు మారుస్తున్నామండి, కంప్యూటర్లన్నీ వ్యానెక్కించేశారు. నేనే ఆఖరు. సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తే వెళ్లిపోవచ్చన్నారు."

"సంతకమా? ఏం సంతకం? పెట్టొద్దు. వింటున్నావా? ఎవరడిగినా పెట్టొద్దు."

"పెట్టేశానండి, ఇందాకే."

దేవకుమారి గోళ్లు రాజ్యం చేతిలో దిగాయి.

"దేని మీద పెట్టావమ్మా? ఏం రాసుంది?"

"పెద్దగా ఏం లేదండి. మా అమ్మ కంపెనీ పాస్‌వర్డు నా దగ్గరే ఉండేదని, రిటర్నులన్నీ నేనే వేశానని, సార్‌కి సంబంధం లేదని. అమ్మకి రీఫండు తొందరగా రావాలంటే అది కావాలన్నారు." ఆ పిల్ల గొంతులో ఏ అనుమానమూ లేదు. "నిజమే కదండీ. అన్నీ టైపు చేసింది నేనే కదా."

బానెట్ మీద రామకాంత్ చెయ్యి ఆగిపోయింది. స్పీకరులో వచ్చిన ప్రతి మాటా ఆయన విన్నాడు.